మర ఆపి విన్న పాట

సూర్యాపేట బైపాస్ మీద కొత్తగా తెరిచిన ఒక హోటల్లో గోడ నిండా ఎల్పీ రికార్డులు పెట్టారు. పెట్టారంటే మర్యాదగా చెప్పడం. మధ్యనున్న చిల్లులోంచి మేకు దిగ్గొట్టారు. మేకు నిలవని చోట పక్కన ఇంకో చిల్లు చేసి ఇంకో మేకు కొట్టారు. బస్సుల్లోంచి దిగిన జనం ఆ గోడ ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు. నేను హైదరాబాదు నుంచి కోదాడ పోతున్నాను. బస్సు ఆగినంతసేపట్లో టీ తాగడం మానేసి, కుర్చీ ఎక్కి, ఒక్కో రికార్డు నడుమ ఉన్న గుండ్రటి కాగితం చదవడం మొదలుపెట్టాను. సప్లయర్ వచ్చి కింద నిలబడ్డాడు.

"ఏంది సార్, ఏమన్న పోయిందా?"

"లేదు. తెలిసినవాళ్ళవేమోనని చూస్తున్నా."

మార్చురీ దగ్గర వాడే మాటను హోటల్లో వాడితే వినేవాడికి ఎట్లా ఉంటుందో అప్పుడు తోచలేదు. అతను మాత్రం కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు, మంచివాడు.

తెలిసినవాళ్ళవి కావు. ఒకటి ఇంగ్లీషు నేర్పే పాఠాలు, ఒకటి పెళ్ళి బ్యాండు, మిగతావి అరిగిపోయి ఏమిటో తెలియనివి. ఒకప్పుడు నాకు గది కిరాయికిచ్చిన ఓనరమ్మ రికార్డులు ఇప్పటికీ మిర్యాలగూడలో ఆమె గదిలోనే ఉన్నాయట. ఆమె పోయి ఏడాది కావస్తోంది. గదికి తాళం వేశారు గానీ లోపలి వాటి మీద చెయ్యి వెయ్యడానికి ఆ ఇంట్లో ఇంకా ఎవరికీ ధైర్యం చాలలేదని విన్నాను. రైసుమిల్లులో సగం ఆమెకు భర్త తరఫున వచ్చింది. ఆ భయం మాత్రం పూర్తిగా స్వార్జితం.

నేను మిర్యాలగూడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పే రోజుల్లో ఆమె మేడ మీది గదిలో కిరాయికి ఉన్నాను. నేరేడుచర్ల రోడ్డులో మిల్లు, మిల్లు కాంపౌండులోనే ఇల్లు. పెళ్ళికానివాడికి గది ఇవ్వాలంటే ఊళ్ళో అందరూ అడిగే ప్రశ్నలకు సిద్ధపడి వెళ్ళాను: ఏ ఊరు, ఏమోళ్ళు, తాగుడుందా, నీచు వండుతావా. ఆమె వాటిలో ఒక్కటీ అడగలేదు. వరండాలో కుర్చీలో కూర్చుని నా పాదాల వంక చూసింది.

"సారూ, జర గా గోడ కాడికి నడిచి రాండ్రి."

నడిచి వచ్చాను.

"మడిమ కొడ్తున్నరు. చెప్పులిడిసి ఇంకోపాలి."

చెప్పులు విడిచి ఇంకోసారి నడిచాను. పెళ్ళిచూపుల్లో పిల్లను నడిపించి చూస్తే ఆ పిల్లకు ఎట్లా ఉంటుందో ఆ రోజు కొంత అర్థమైంది. నాకైతే పట్టుచీర కూడా లేదు.

"నడుస్తదిలే," అంది చివరికి. "గానీ నా పాట నడిచేటప్పుడు మీద తిరగద్దు. మంచంల పండుకుంటవో, కుర్చీల కూసుంటవో నీ ఇష్టం. లేసి తిరిగినవంటే కింద సూది దుంకుతది."

గది ఖాయం కాకముందు మీరు, ఖాయం కాగానే నువ్వు. అదే అగ్రిమెంటు.

ఆమె వినేది జాజ్. మిర్యాలగూడలో జాజ్ ఏమిటని అడగబోయి మానుకున్నవాళ్ళను చాలామందిని చూశాను. అడిగినవాళ్ళకు ఒకటే జవాబు: "బస్టాండ్ కాడ పిజ్జా అమ్ముతుండ్రు. గాడికి పోయి అడిగినవా, మిర్యాలగూడల గిదెందుకని?"

సంగతి చిన్నదే. ఎప్పుడో మేళ్లచెరువు వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు తిరిగి పోతూ ఒక ప్లేయరునూ, పెట్టెడు రికార్డులనూ వదిలేసి వెళ్ళాడు. ఫ్యాక్టరీవాళ్ళు పాతసామాను వేలం వేసినప్పుడు ఆమె భర్త ఇనుము కోసం పోయి, ఆ పెట్టెను కూడా లారీలో వేసుకొచ్చాడు. "తుక్కు కింద వొచ్చింది. తుక్కు కానిది గదొక్కటే," అనేది. అంతకుమించి చరిత్ర చెప్పేది కాదు.

ఆ పాత రికార్డులు అప్పటికే గీతలు పడి, ప్రతి పాటలోనూ సన్నటి వాన కురిసేది. భర్త పోయిన తర్వాత ఆమె కొత్తవి తెప్పించడం మొదలుపెట్టింది. అదే పాత సంగీతాన్ని, దాచిపెట్టిన టేపుల్నుంచి మళ్ళీ జాగ్రత్తగా తీసి, బరువైన ప్లేట్ల మీద అచ్చువేసి, శుభలేఖ కన్నా మందమైన అట్టల్లో పెట్టి అమ్ముతారు. ఎల్పీని ఆమె ప్లేటు అనే అనేది. కొరియర్ అతను ఒకసారి డబ్బా దించుతూ అడిగాడు.

"ఏముంటదమ్మా ఇండ్ల, గింత బరువు?"

"గాలి బిడ్డా. ఎవలో ఊదిండ్రు, నేను కొన్న."

ఆ గాలిని వినడంలో ఉన్న అసౌకర్యం ఇంతా అంతా కాదు. మిల్లు మర తిరుగుతుంటే ఇల్లంతా మనకు తెలియనంత సన్నగా వణుకుతుంది. ఆ వణుకుకు సూది గాడి తప్పుతుంది. మొదట ప్లేయరు కింద నాపరాయి వేసింది. చాలలేదు. రాయి కింద చెక్కపెట్టె పెట్టించి, దాని నిండా ఊక పోయించింది. రైసుమిల్లువాళ్ళకు ఏ జబ్బుకైనా ముందు తోచే మందు ఊకే. ఊకలో మిగిలిపోయిన నూకల కోసం ఎలుకలు వచ్చాయి. ఎలుకల కోసం పిల్లి వచ్చింది. పిల్లికి ప్లేయరు మీద వెచ్చగా ఉండి అక్కడే కాపురం పెట్టింది. ఇక ఆమె అన్నిటికన్నా సులువైన ఉపాయం పట్టుకుంది. మిల్లు ఆపేసింది.

మిల్లులో సగం ఆమెది, సగం ఆమె మరిదిది. సగం మిల్లును ఆపడం వీలుకాదు కనుక మొత్తం ఆగేది. హమాలీల అన్నం వేళకు మర ఆపడం ఎక్కడైనా ఉన్నదే. ఈ మిల్లులో మాత్రం ఆ విరామం ఆ రోజు వినే ప్లేటును బట్టి సాగేది. వడ్లు ఉడికించే బాయిలరును ఆపమనలేదు. "అది బుస్సుమంటది గానీ వణకదు," అని దానికి మినహాయింపు ఇచ్చింది.

అన్నాలు తిన్నాక హమాలీలు గోదాము నీడలో బస్తాల మీద నడుం వాల్చేవాళ్ళు. పోనుపోను వాళ్ళకూ ఒక అభిరుచి ఏర్పడింది. ఈ కొత్త ప్లేట్లలో కొన్ని మామూలు కన్నా వేగంగా తిరుగుతాయి. గాడి పొడవు పెరిగి ధ్వని ఇంకా బాగుంటుందట. దానికోసం ఒక ఆల్బమును రెండు ప్లేట్ల మీద, నాలుగు వైపులా పరుస్తారు. కూర్చున్న చోటు వెచ్చబడకముందే లేచి తిప్పాలి, తుడవాలి, మళ్ళీ సూది దించాలి. సంగీతప్రియులు దీన్ని పెద్ద తలనొప్పి అంటారు. హమాలీలు మాత్రం దీన్ని మించిన ఆవిష్కరణ లేదన్నారు. గరిడేపల్లి నుంచి వచ్చే హమాలీ మేస్త్రి రోజూ వరండా మెట్టు దగ్గర నిలబడి ఆరా తీసేవాడు.

"అమ్మా, ఇయ్యాల సింగిల్ ప్లేటా, డబలా?"

"డబల్."

"సల్లగుండు తల్లీ."

"పాట నాకు డబల్. నీకేందిరా సంబురం?"

"మధ్య మధ్యల మీరు లేసుడు, తిప్పుడు, తుడుసుడు ఉంటది గదమ్మా. గదంత మా నిద్రలకే జమ."

ఆమె మరిది చెడ్డవాడు కాడు. ఆయనకు సంగీతమంటే ద్వేషం లేదు, ఆగిన మరంటే భయం. నెలకోసారన్నా వరండాలోకి వచ్చి అదే మాట కదిపేవాడు.

"వదినా, ఫోన్ల గదే పాట ఉంటది. చెవులల్ల పెట్టుకుంటే మర నడిచినా వినొచ్చు. తిప్పే పని లేదు, తుడిచే పని లేదు, ఎండకు వంకర పోతదన్న రంది లేదు. గీ తిప్పలన్నిటికి ఏం ఉపయోగం, చెప్పు."

"ఉపయోగం లేదు."

"మరి?"

"ఉపయోగం ఉన్నయన్ని నీ సగంల పెట్టుకో."

చదువుకున్నవాణ్ణి కదా, నేను అదే ప్రశ్నను మర్యాదగా వేశాను. ఫోనుకూ ప్లేటుకూ ధ్వనిలో నిజంగా తేడా ఉందా, లేక మనసుకు అట్లా అనిపిస్తుందా అని. ఆమె నన్ను గోదాములోకి తీసుకుపోయి మూడు బస్తాల్లోంచి మూడు గుప్పిళ్ళు నా చేతిలో పోసింది.

"గిది డబల్ పాలిష్. ముత్యాల లెక్క మెరుస్తది. వండి వార్చు, గంజిల ఏముండదు. గది నీ ఫోను. గిది దంపుడు. రుచి మస్తుంటది, పన్ను ఇరుగుతది, రాళ్ళుంటయ్. గది ఆ దొర ఇడిసిపోయిన పాత ప్లేట్లు. గిది సూడు. రాళ్ళు తీసిండ్రు, తవుడు తియ్యలే. మంచోడు అచ్చేసిన కొత్త ప్లేటు గిట్లుంటది."

"కొత్తవన్నీ ఇట్లాగే ఉంటాయా?"

"యాడుంటయ్? సంచి మీద రాసిందొకటి, లోపట పోసిందొకటి. బియ్యమోళ్ళ ఇంట్ల పుట్టి బియ్యమోళ్ళ ఇంటికొచ్చిన. నాకు తెల్వదా?"

ఈ జ్ఞానం ఆమెకు ఒకసారి బాగా పనికొచ్చింది. నేరుగా పాత టేపు నుంచే అచ్చువేశామని చెప్పి అమ్మిన కొన్ని ప్లేట్లు నిజానికి మధ్యలో కంప్యూటరు గుండా వచ్చాయని బయటపడింది. ఇంటర్నెట్లో ఆ ప్లేట్ల అభిమానులంతా తమ ఇంట్లో దొంగలు పడ్డట్టు గోలపెట్టారు. ఆమెతో ఫోనులో మాట్లాడే హైదరాబాదు కలెక్టరు ఒకాయన, జిల్లా కలెక్టరు కాదు, ప్లేట్లు పోగుచేసే కలెక్టరు, దాదాపు ఏడ్చాడు. ఆమె స్పీకరు ఫోను పెట్టి నెమ్మదిగా అడిగింది: "మొన్నటిదాంక నీకు నచ్చిందా లేదా? నచ్చింది. ప్లేటు మారిందా? మారలే. మరి ఇయ్యాల ఖరాబైంది ఏంది? అబద్ధమాడినోన్ని తిట్టు, నేను గూడ తిడ్త. నీ చెవులనెందుకు తిడ్తవ్?"

కొన్నాళ్ళు మేడ మీద కదలకుండా పడుకున్నాక నాకు కింద గదిలోకి ప్రమోషన్ వచ్చింది. మాట్లాడకూడదు, కాలు ఊపకూడదు, బాగుందని అనకూడదు. "బాగున్నదని నువ్వు చెప్తే నాకు తెల్వాల్నా?" నాకు సంగీతం తెలియదు. కానీ మంచి ప్లేటు మీద, ఊదబోయే ముందు ఆ మనిషి గాలి పీల్చుకోవడం వినపడేది. శాక్సఫోను మీటల మీద వేళ్ళు పడే చప్పుడు, గట్టి చిక్కుడుకాయలు తుంచినట్టు, వినపడేది. అవతలివాడు గాలి పీల్చినప్పుడల్లా ఆమె కూడా పీల్చేది. ఆ సంగతి ఆమెకు తెలియదు. చెప్తే మానేస్తుందని నేను చెప్పలేదు.

ప్లేటును పట్టుకోవడంలో ఆమెకొక పద్ధతి ఉంది. రెండు అరచేతుల అంచుల మధ్య, పెనం మీంచి తీసిన జొన్నరొట్టెను పట్టుకున్నట్టు. వేళ్ళు తగలకూడదు. మిల్లు దుమ్ము పడకూడదని గది కిటికీలకు తడిబట్టలు కట్టేది. ఎండాకాలం వంగిన ప్లేటును రెండు అద్దాల మధ్య పెట్టి, పైన ఒక సన్నబియ్యం మూట పెట్టి, కాస్త వెచ్చటి చోట ఉంచి సాపు చేసేది. ఇంత చేసిన మనిషి ఒక దసరాకు ఏం చేసిందో చెప్పాలి.

దసరాకు మిల్లులో ప్రతి యంత్రానికీ పసుపు, కుంకుమ, నిమ్మకాయ. అది మేస్త్రి పని. ఆమె బంధువుల ఇంటికి పోయిన సమయంలో అతనికి భక్తి ఎక్కువై, చేతిలో పళ్ళెంతో ఇంట్లోకి వచ్చి ప్లేయరుకు కూడా పూజ చేశాడు. ప్లేయరు మీద కొత్త ప్లేటు ఉంది. ఆమె తిరిగి వచ్చేసరికి ఆ ప్లేటు మీద నాలుగు దిక్కులా తడి కుంకుమ బొట్లు. కందిపప్పు బద్ద బరువు కూడా మొయ్యలేని సూదికి దారంతో నిమ్మకాయ వేలాడుతోంది. నేను మేడ దిగుతూ మధ్య మెట్టు మీద ఆగిపోయాను. అక్కడి నుంచి చూడ్డం క్షేమమనిపించింది.

ఆమె నిమ్మకాయ విప్పి బల్ల మీద పెట్టింది.

"ఎవలు పెట్టిండ్రు బొట్లు?"

"నేనే తల్లీ," అన్నాడు మేస్త్రి గుమ్మంలోంచి. "అన్నం పెట్టే మిషన్లన్నిటికి పెట్టిన. గిది మాకు నిద్ర పెట్టే మిషను. దీన్ని ఇడిసిపెడ్తె పాపం గదా."

ఆమె కొంచెంసేపు ప్లేటు వంక చూసింది. తర్వాత సూది దించింది. ఎంతో మెత్తటి పాట. దాని మీద బొట్టు బొట్టుకూ ఒక టప్పుమనే చప్పుడు, పిలవని తబలావాడు వచ్చి కూర్చున్నట్టు. కడిగేద్దామమ్మా, సూది పాడైపోతుంది అన్నాను.

"సూది ఇంకోటొస్తది. గిసొంటి మేస్త్రి రాడు." ఆ ప్లేటును కడగలేదు. ఫోనులో కలెక్టరు అయ్యో అయ్యో అంటే, "నీ కాడున్నయి కంపెనోడు వేలకు వేలు అచ్చేసినయ్. పూజ చేసింది ప్రపంచంల ఒక్కటే ఉన్నది, నా కాడ," అని పెట్టేసింది.

ఆమె గెలవలేని తగాదా ఒకటే వచ్చింది. అది కూడా ముందు ప్లేటు మీద ఫిర్యాదుగానే మొదలైంది. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, కంపెనీవాడికి ఇంగ్లీషులో ఒక మెయిలు కొట్టమంది.

"ఏమని?"

"డ్రమ్ము కొట్టేటోడు రాలేదని."

కిరాయికి ఉన్నవాడు ఓనరు చెప్పింది రాస్తాడు. శాక్సఫోను చేరింది, పియానో చేరింది, డ్రమ్మరు డెలివరీ కాలేదు అని వినయంగా రాశాను. కంపెనీవాళ్ళు పాపం క్షమాపణ చెప్పి ఇంకో ప్లేటు పంపారు. అందులోనూ డ్రమ్మరు లేడు. ఈసారి నన్ను కూర్చోబెట్టి వినమంది. విన్నాను. కుడివైపు స్పీకరులో, చీపురు లాంటి పుల్లలతో చర్మం మీద సన్నగా రాస్తూ, అతను నిక్షేపంగా ఉన్నాడు.

"ఉన్నాడమ్మా."

"యాడ?"

"కుడి పక్క."

ఆనాటి స్టీరియోలో వాద్యాలను అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నట్టు పంచేవాళ్ళు. ఊదేవాడు పూర్తిగా ఎడమకు, డ్రమ్ములు పూర్తిగా కుడికి. ఆమె కుడివైపు స్పీకరును చూసింది. లేచి, కుర్చీని వెనక్కి తిప్పి, స్పీకర్లకు వీపుపెట్టి కూర్చుంది. అదే పాట మళ్ళీ పెట్టమంది. పెట్టాను.

"ఇప్పుడు డ్రమ్మోడొచ్చిండు," అంది. ఆగి, "ఊదేటోడు దూరం పోయిండు," అంది.

పాట అయ్యేదాకా అట్లాగే వెనక్కి తిరిగి కూర్చుంది. ఆ తర్వాత ఒకటే మాట అంది. "అయితే తప్పు ప్లేటుది కాదన్నట్టు."

సూర్యాపేటలో చెవుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. కుడి చెవి చాలావరకు పోయిందనీ, ఎడమది కూడా అదే దారిలో ఉందనీ చెప్పాడు. మిల్లు మోతలో ఎన్నేళ్ళుగా ఉంటున్నారని అడిగాడు. "పెండ్లైనప్పటి సంది," అంది. మిషను పెట్టుకోమన్నాడు. రికార్డులు, స్పీకర్ల సంగతి నేను చెప్తే నవ్వి, "ఇగ ఈ వయసుల గంత మంచి సౌండు ఏం చేసుకుంటరమ్మా? టీవీ వినపడ్తే సాలదా?" అన్నాడు.

"డాక్టర్ సాబ్," అంది ఆమె, "బస్తా అడుగంటింది. ఉన్న నాలుగు గింజలు పారపోసుకోమంటరా, మంచిగ వండుకోమంటరా?"

డాక్టరు మందుల చీటీ రాయడంలో మునిగిపోయాడు.

చెవి మిషను పెట్టుకుంటే ట్రంపెట్టు ఐసుబండి హారనులా ఉందని దాన్ని డబ్బాలో పెట్టేసింది. మరిది మాట్లాడ్డానికి వచ్చినప్పుడు మాత్రం తీసి పెట్టుకునేది. "నీ మాటకైతే గిది సరిపోతది," అనేది. ప్లేట్లు మానలేదు. స్టీరియో రాకముందటి పద్ధతిలో అందరినీ కలిపి ఒకే గొంతుగా అచ్చువేసినవి కూడా మళ్ళీ వస్తున్నాయని కనుక్కుని అవి తెప్పించింది. రెండు స్పీకర్లలో ఒకటి మూలన పెట్టి, రెండోదాన్ని ఎడమ చెవికి ఎదురుగా జరిపింది. "ఇగ అందరు ఒక్క దర్వాజాలకెళ్ళే రావాలె," అంది. మిల్లు అప్పుడూ ఆగేది.

తర్వాత నాకు కోదాడలో ఉద్యోగం దొరికి గది ఖాళీ చేశాను. అప్పుడప్పుడు పోయి వచ్చేవాణ్ణి. పోయిన ప్రతిసారీ నేను ఇంకొంచెం గట్టిగా మాట్లాడాల్సి వచ్చేది. చివరికి ఎడమ చెవి కూడా పోయింది. పెదాలు చూసి మాటలు పోల్చుకునేది.

అప్పుడు మరిది నాకు ఫోను చేశాడు. కోదాడలో పాత సౌండు సెట్లు కొని అమ్మే ఒకాయన ఉన్నాడట, మొత్తం తీసుకుంటాడట, నేను కూడా వస్తే వదిన వింటుందట. వింటుందన్న మాట ఆయన ఏ అర్థంలో వాడాడో తెలియదు. వెళ్ళాను. సాక్షిగా వెళ్ళానని చెప్పుకుంటాను. వినోదం కోసం అంటే బాగుండదు.

షాపాయన తన కారులోనే తీసుకెళ్ళాడు. డ్రైవరు ముందు, మేమిద్దరం వెనక. దారి పొడుగునా ఆయనకు ఒకటే సందేహం.

"ఏవండీ మాస్టారూ, ఆవిడకి అసలేం వినపడదంటగా? మరి మిల్లెందుకండీ ఆపిస్తంది ఇప్పటిక్కూడా?"

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

మేం పోయేసరికి మర ఆగి ఉంది. హమాలీలు బస్తాల మీద పడుకుని ఉన్నారు. ఆమె గదిలో ప్లేటు తుడుస్తోంది. మరిది ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడి, పెదాలు కనపడేట్టు, ఒక్కో మాట విడదీసి చెప్పాడు. ఆయన సిద్ధపడి వచ్చాడు.

"వదినా. నీ పాట నీకు అందదు. మిల్లు చప్పుడు నీకు తెల్వదు. అవునా? ఇగ మర ఆగినా ఒకటే, తిరిగినా ఒకటే. తిరిగితే నీకేం నష్టం? ఇంత మంది ఎందుకు ఖాళీగ పండుకోవాలె? గీ ప్లేట్లు ఎవలన్న వినేటోళ్ళకు ఇచ్చేస్తే వాటికన్న ఇజ్జత్ ఉంటది గదా."

ఆ వాదంలో తప్పు పట్టుకోవడానికి నా కామర్స్ చదువు సరిపోలేదు. షాపాయన తలూపాడు. ఆమె ప్లేటును అరచేతుల మధ్య అట్లాగే పట్టుకుని ఉంది.

"నాకు తెల్వది," అంది. "సూదికి తెలుస్తది."

"సూది కోసం మిల్లాపుతవా?"

"మీ అన్న పోయినప్పుడు మూడొద్దులకే మర తిప్పినవ్. నేను అడ్డమొచ్చిన్నా? మనిషి పోయిండని మర ఆగద్దు వదినా అన్నవ్. సరే అన్న. ఇప్పుడు చెవి పోయిందని పాట ఆగద్దంటున్న. నీ న్యాయమే నీకు చెప్తున్న."

మరిది నోరు తెరిచి, ఆమె తన పెదాలనే చూస్తోందని గుర్తొచ్చి, మూశాడు.

షాపాయన ఈలోపు ఇంకో ప్లేటు బయటికి లాగి, ఫోను లైటు వేసి గీతలున్నాయేమో వెతుకుతున్నాడు. ఆమె అతని దగ్గరికి పోయింది.

"అంచు పట్టు. గీతల కోసం సూస్తున్నవా? గీడ సూడు." లైటు కింద ప్లేటును కొంచెం వంచింది. "గాడి గరుకుగ మెరుస్తున్నది సూడు. గీడ అందరు కలిసి ఊదుతుండ్రు. గీడ నున్నగ నల్లగున్నది. పియానో ఒక్కటే. మల్ల గీడ మెరుపు, డ్రమ్మోడు లేసిండు. సూది యాడున్నదో నాకు కనపడ్తది. గాడ ఏమున్నదో నాకు ఎరికే. చెవులున్నప్పుడు ఊకెనే విన్ననా?"

షాపాయన ప్లేటు వంక వంగి చూశాడు. ఎన్నేళ్ళుగానో ప్లేట్లు అమ్ముతున్నాడు. ఫోను లైటును మెరుపు మీంచి నలుపు మీదికి నెమ్మదిగా జరిపాడు.

"అమ్మరాండీ మరి?" అన్నాడు చివరికి, పెదాలు బాగా కదిలిస్తూ.

"అమ్మను. వినేటోళ్ళకు ఇయ్యాలన్నడు మా మరిది. విందువు గాని కూసో. ఆయన గూడ కూసుంటడు. ఇన్నేండ్ల సంది గీ పాట కోసం మిల్లాపుతున్న, ఒక్కనాడన్న లోపటికొచ్చి విన్నడా?"

మరిది కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఆయన ఆ గదిలో కూర్చోవడం నేను మొదటిసారి చూశాను. ఆమె ప్లేటు పెట్టి, సూది దించి, దానికి ఎదురుగా కుర్చీ వేసుకుంది. కళ్ళు ఆ సూది మీదనే. పాట మొదలైంది. బయట మిల్లు కాంపౌండంతా నిశ్శబ్దం. నిజం చెప్పాలంటే చాలా బాగా అచ్చువేసిన ప్లేటు.

సగం వైపు అయ్యేసరికి గేటు బయట కారు డ్రైవరుకు విసుగొచ్చింది. హారను కొట్టాడు. షాపాయన ఉలిక్కిపడి కిటికీ వైపు చూశాడు. మరిది గోడ గడియారం చూశాడు. నేను వాళ్ళిద్దరినీ చూశాను. డ్రైవరు మళ్ళీ కొట్టాడు, ఈసారి పొడుగ్గా.

ఆ పాటను తల తిప్పకుండా చివరిదాకా విన్నది ఆమె ఒక్కతే.